చెయ్యి లేపుతున్న బిడ్డా

మా మేనత్త పోయింది. నేను నందిపేట్‌లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తినే వేళ, బడి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ ఆయన వాకిట్లోకి వచ్చి, "మేడం, ఆర్మూర్ నుంచి ఫోన్ వచ్చింది. మీ మేనత్త కాలం జేసిందట. జల్ది రమ్మన్నరు" అన్నాడు. పొద్దున చాయ్ తాగి, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, గోడకు ఒరిగిందట. పక్కింటామె పిలిస్తే పలకలేదట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఏ పని చేసినా ముందు చెప్పి మరీ చేసే మనిషి, ఇంత పెద్ద పని ఒక్క మాట చెప్పకుండా ఎట్లా చేసింది?

నేను పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్లు. ఒకామె ముక్కు చీది, "ఎంత ఓపికమంతురాలు! నోట్ల నాలికె లేని మనిషి" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓపికా? మా అత్తకా? నల్లా దగ్గర తన బిందె జరిపినవాళ్ల వంశమంతటినీ తవ్విపోసిన మనిషికా? ఈ ముక్కు చీదుతున్నామెనే పోయిన ఎండాకాలం మా అత్త "నీ నోట్లె మన్నువడ" అని వాడ దద్దరిల్లేలా తిట్టింది. మనిషి చచ్చిపోతే చాలు, మనవాళ్లు కడిగి, బొట్టు పెట్టి, దేవతను చేసి కూర్చోబెడతారు. బతికున్నప్పుడు ఇదే వాడ ఆమెను గయ్యాళి అంది, కొంపలు కూల్చేది అంది, తమ్ముని బిడ్డను ఎత్తుకొచ్చుకుంది అంది. ఆ ఎత్తుకొచ్చుకున్న బిడ్డను నేనే. ఆమె ఎట్లాంటిదో నాకు తెలిసినంత ఆ ముక్కు చీదేవాళ్లకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా బాపు ఆమెకు సొంత తమ్ముడు. పసుపు మార్కెట్ యార్డులో తూకాలు వేసేవాడు. యార్డులో ఆయనంత మెత్తని మనిషి లేడని పేరు. ఆ మెత్తదనమంతా యార్డు గేటు దగ్గరే విడిచిపెట్టి ఇంటికి వచ్చేవాడు. అన్నం చల్లారిందని కొట్టేవాడు, వేడిగా ఉందని కొట్టేవాడు. ఏడిస్తే ఏడ్చినందుకు, ఏడవకపోతే మొండికేసినందుకు. తాగి కొట్టేవాడని చెబితే వినేవాళ్లకు సులువుగా ఉంటుంది. మా బాపు తాగేవాడు కాదు.

అమ్మకు తెలిసిన వైద్యం ఒకటే, దెబ్బ మీద పసుపు పూయడం. ఆర్మూర్‌లో పసుపుకు కొదువా? సీజన్ వస్తే ఊరు ఊరంతా పసుపే. తుమ్మితే పసుపు, ఉతికిన బట్ట ఆరేస్తే దాని మీద పసుపు. ఒళ్లంతా పసుపు పూసుకున్న పిల్లను ఆ ఊళ్లో ఎవరూ ఏమైందని అడగరు. దాని కింద చర్మం నల్లగా కమిలిందో, వాచిందో ఎవరికి కనబడుతుంది? ఒకసారి బడిలో సారు నా మోచెయ్యి చూశాడు. చూసి, "దెబ్బకు దయ్యం గూడ వడుకుతది. నీ అసొంటి పెంకిదానికి గదే మందు" అని నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు పటపటలాడతాయి.

మా అత్త ఇల్లు యార్డు వెనక గల్లీలో ఉండేది. మొగుడు పోయినామె, పిల్లలు లేరు, బీడీలు చేసి బతికేది. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ ఏదో పని మీద నన్ను అక్కడ కూర్చోబెట్టి పోయింది. అత్త గూట్లో నుంచి డబ్బా తీయడానికి చెయ్యి ఎత్తింది. నేను నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని ముడుచుకుపోయాను. కాసేపటికి వేళ్ల సందుల్లోంచి చూస్తే, ఆమె చెయ్యి ఇంకా అట్లానే గాలిలో ఉంది. డబ్బా తీయలేదు, చెయ్యి దించలేదు. తర్వాత ఎంతో నిదానంగా దించి, నా దగ్గర కూర్చుని, సబ్బు తెచ్చి నా చేతుల మీది పసుపు కడిగింది. కడుగుతున్నంతసేపూ ఎవరినో తిడుతూనే ఉంది. పసుపంతా పోయి కింది దెబ్బలు కనబడ్డాక తిట్టడం ఆపింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

అక్కడి నుంచి తమ్మునితో పోట్లాట, ఆ తర్వాత కులపెద్దల దగ్గర పంచాయతీ. యార్డులోనే కూర్చున్నారు, తూకాలైపోయాక, పసుపు కుప్పల మధ్య.

"మొక్కై వంగనిది మానై వంగుతదా అక్కా? పిల్లలకు జర భయం ఉండాలె" అన్నాడొక పెద్దమనిషి.

"వంగుతలేదు పటేలా, ఇరుగుతున్నది" అంది అత్త. "నీ కండ్లు ఎప్పుడు కుప్పల మీదనే ఉంటయి. పిల్ల దిక్కు ఎన్నడన్న సూసినవా?"

మా దిక్కున పసుపు చేతిలో పట్టుకుని అబద్ధం చెప్పరని ఒక నమ్మకం. యార్డులో ఎంత పెద్ద తగాదా అయినా, ఒకడు దోసెడు పసుపు పట్టి మాట చెప్పాడంటే అవతలివాడు నోరు మూసుకోవలసిందే. మా బాపు కుప్పలో చెయ్యి పెట్టి దోసెడు తీశాడు. "గీ పసుపు వట్టుకొని చెప్తున్న. ఇగ పిల్ల మీద చెయ్యి లేపితే ఒట్టు" అన్నాడు. అంత నోరున్న మా అత్త ఆ ఒక్క మాటకు కరిగిపోయింది. కళ్లు తుడుచుకుని, "నా తమ్ముడు పసుపు మీద అబద్ధమాడడు" అని అందరికీ చెప్పుకుంది. ఎంతైనా ఆమె కూడా ఆర్మూర్ మనిషే కదా. నాకింత బెల్లం ముక్క చేతిలో పెట్టి ఆయన వెంట పంపింది.

ఆయన గోళ్లలో పసుపు పోకముందే కొట్టాడు. నలుగురిలో పరువు తీసినందుకట. నేను పరుగెత్తుకుంటూ అత్త దగ్గరికి పోయాను. నా చెంప మీద బాపు వేళ్లు పసుపు రంగులో పడి ఉన్నాయి.

ఈసారి అత్త కడగలేదు. నా రెక్క పట్టి బరబరా యార్డుకు ఈడ్చుకుపోయి, పెద్దమనుషుల ముందు నిలబెట్టి, నా మొహం వాళ్ల వైపు తిప్పింది. "ఇగో, మీ ఒట్టు. మంచిగ సూడుండ్రి" అంది. రైతులు చూశారు, హమాలీలు చూశారు, చాయ్ అమ్మే ఆమె గ్లాసు పట్టుకుని మరీ చూసింది. నాకు ఆ కుప్పలో దూరి చచ్చిపోవాలనిపించింది. ఇంతా చేస్తే వాళ్లు తేల్చింది ఏమిటి? "ఒక్క చెంపదెబ్బకు గింత లొల్లా?" అని. చూపించి సాధించింది ఏమీ లేదు. దెబ్బ తిన్నది నేను, తిప్పి చూపించింది ఆమె, నన్ను అడిగింది ఎవరు? ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంగతి తలచుకుంటే ఆమె మీద నాకు చిరాకే. ఆమె ఉండగానే ఈ మాట ఆమెతో అన్నాను కూడా.

ఆమెకు అది ముందే తెలుసు. ఆ పొద్దు నేను అన్నం ముట్టలేదు. అత్త గిన్నె పక్కన పెట్టి, "నిన్ను అడగకపోతి" అంది. "తప్పైంది. ఇగ అడుగుత." నన్ను మళ్లీ ఆ ఇంటికి పంపనని కూడా అప్పుడే చెప్పింది. "నువ్వు పోత అన్ననాడు పోదువు. ఎవలు ఒట్లువెట్టినా పంప."

అట్లా మొదలైంది ఆ అడుగుడు. నన్ను కాల్చుకుతిన్నది. ఏ పనికైనా చెయ్యి పైకెత్తాలంటే ముందు చెప్పేది. "చెయ్యి లేపుతున్న బిడ్డా." గూట్లో ఉప్పు డబ్బాకు ఒకసారి, దోమకు ఒకసారి, దండెం మీది బట్టకు ఒకసారి. రోజంతా ఇదే పాట. "జడ వెయ్యాల్నా, వద్దా?" అని అడిగేది. నేను జవాబు చెప్పకపోతే దువ్వెన పక్కన పెట్టేది. నాకేమో అడిగినదానికి నోరు తెరవడం అలవాటు లేదు. జుట్టు జడలు కట్టి, పేలు పడి, జోగురాలిలా బడికి పోయాను. "సొంత బిడ్డయితే గిట్ల ఇడుస్తదా?" అని వాడకట్టు ఆడవాళ్లు ఆమెను ఆడిపోసుకున్నారు. ఆమె పళ్లు కొరుక్కుంది తప్ప అడగకుండా నా నెత్తి మీద చెయ్యి వేయలేదు. చివరికి పేల బాధ పడలేక నేనే "వెయ్యి" అన్నాను.

అన్నం సంగతి ఇంకా ఘోరం. నేను చాలు అనేదాన్ని కాదు. పెట్టింది తినకపోతే దెబ్బ, ఇంకా కావాలంటే దెబ్బ, అట్లా పెరిగిన పిల్లకు ఆకలి తన కడుపులో లేదు, పెట్టేవాళ్ల మొహంలో ఉంది. ఎంత పెడితే అంత తినేదాన్ని. ఒకసారి తిని తిని కక్కుకున్నాను. అత్త అది ఎత్తిపోస్తూ ఏడ్చింది, తిట్టింది. "నీ కడుపు నీదే గదనే! సాలు అంటే నోట్ల ముత్యాలు రాల్తయా?" ఆ తర్వాత పంతం పట్టింది. నేను చాలు అనేదాకా వడ్డిస్తానంది. నేను కంచం వైపు చూస్తూ కూర్చున్నాను. కుప్ప పెరిగింది. ఆమె గిన్నె అడుగు గీకి మరీ పెట్టింది.

"సాలు" అన్నాను, నాకే వినబడనంత చిన్నగా.

"ఆ? ఇనవడలే."

"సాలు!" అని అరిచాను. గల్లీలో కుక్క మొరిగింది.

అత్త గిన్నె కింద పడేసి పకపకా నవ్వింది. నవ్వడం అయ్యాక చూసుకుంటే ఆమెకు మెతుకు మిగల్లేదు. ఇద్దరం ఆ కంచంలోనే తిన్నాం. తింటూ కూడా ఆమె నన్ను తిట్టింది, బియ్యమంతా ఆగం చేశానని.

తిట్లు మాత్రం ఎన్నడూ మానలేదు. "కోపం నోట్లనే ఉండాలె బిడ్డా, చేతులకు దిగొద్దు" అనేది. మంచి మాటే, వినే చెవులకే తెలుస్తుంది దాని బాధ. నేను ఒకసారి నీళ్ల చెంబు తన్ని, చాటలోని తంబాకంతా తడిపేశాను. ఆ రోజు పనంతా పోయింది. నేను గోనె సంచుల వెనక దాక్కున్నాను. ఆమె నన్ను తిట్టింది, బాపును తిట్టింది, చెంబును తిట్టింది, చెంబు అమ్మినవాణ్ని తిట్టింది. సంచుల సందులోంచి తొంగిచూస్తే, తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని తిడుతోంది. నోరు అలిసిపోయేదాకా తిట్టి, "చాయ్ తాగుతవా?" అంది. అరుపులు అయిపోయాక ఏమీ జరగకపోవడం నాకు అదే మొదలు. నేను ఏమీ జరగలేదని నమ్మలేక, చాయ్ తాగుతూ కూడా ఆమె చేతులనే చూశాను.

యార్డుకు సెలవున్న రోజుల్లో బాపు వచ్చేవాడు. అత్త ఆయనకు పెట్టిన కట్టడి ఊరందరికీ నవ్వులాట అయింది. "గడప బయటనే కూసో. చేతులు మోకాళ్ల మీద వెట్టు, నాకు కనవడాలె. పిల్ల వస్తే వస్తది, రాకుంటే లేదు."

"నా బిడ్డను సూసెతందుకు నాకు పర్మిషనా?" అని ఆయన మండిపడ్డాడు.

"ఔ, పర్మిషనే."

ఆయన లేచి పోయేవాడు. మళ్లీ వచ్చేవాడు. ఈగను తోలుకోవడానికి చెయ్యి కదిపినా లోపలి నుంచి "చెయ్యి!" అని కేక పడేది. నేను చాలాకాలం తలుపు వెనకే ఉన్నాను. తర్వాత ఎప్పుడో గడపకు ఇవతల కూర్చోవడం మొదలుపెట్టాను. ఆయన బిస్కెట్ పుడా గడప మీద పెట్టేవాడు, నేను తీసుకునేదాన్ని. అత్తే ఆయనకు కంచంలో అన్నం పెట్టి ఇచ్చేది, తమ్ముడు చిక్కిపోయాడని లోపల కళ్లు ఒత్తుకునేది. నాకు ఒళ్లు మండేది. ఇంత ప్రేమ ఉంటే బయట ఎందుకు కూర్చోబెట్టడం, బయట కూర్చోబెట్టినప్పుడు ఈ ఏడుపెందుకు? అడిగేశాను.

"వాన్ని గూడ మా నాయిన గిట్లనే కొడుతుండె. నేను సూసుకుంట నిలవడ్డ" అంది. బీడీల ఆకు కత్తిరించడం ఆపలేదు. "పాపమే అనిపిస్తది. అయితే గడప దాటనియ్య."

నేను పెద్దమనిషినైనప్పుడు మళ్లీ అందరూ దిగారు. ఆడపిల్లను తండ్రి ఇంట్లోనే కూర్చోబెట్టాలట, అది పద్ధతట. చిన్నప్పుడు ఆ పిల్ల ఒళ్లు కమిలినప్పుడు ఏ పద్ధతీ గుర్తురానివాళ్లు, ఇప్పుడు పద్ధతి చెప్పడానికి ఉతికిన ధోవతులు కట్టుకుని వచ్చారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వాళ్ల వెనక నిలబడింది. బాపు తెల్ల అంగీ వేసుకుని గడప బయట చేతులు మోకాళ్ల మీద పెట్టి కూర్చున్నాడు. "ఇగ పిల్లను పంపు అక్కా" అన్నాడు పెద్దమనిషి. ఇప్పుడు పోతే మళ్లీ బయటపడేది ఉండదని నాకు తెలుసు.

అత్త నా వైపు గడ్డం ఎత్తింది. "నన్నెందుకు అడుగుతరు? దానికి నోరు లేదా?"

నాకు ఆమెను కొరికేయాలన్నంత కోపం వచ్చింది. వాడనంతా దులిపేసే నోరు కదా, నా కోసం ఒక్కసారి "పంప" అంటే ఏం పోయింది? అందరూ నన్నే చూస్తున్నారు. ఆమె మాత్రం ఏమీ పట్టనట్టు తునికాకు కత్తిరిస్తోంది. అయితే కత్తిరించిన ఆకునే మళ్లీ మళ్లీ కత్తిరిస్తోంది. ఒళ్లో అంతా తురుము.

"రాను" అన్నాను.

"ఏమన్నవ్?" అన్నాడు పెద్దమనిషి.

"రాను. నాకు రావాలని లేదు."

బాపు దిగ్గున లేచాడు. ఆయన చెయ్యి పైకి లేచింది. నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. నా చేతులు నా నెత్తి మీదికి పోలేదని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. ఆయన చెయ్యి గాలిలో ఆగింది, దిగింది. వెనక్కి తిరిగి పోయాడు. వెనకే ఉతికిన ధోవతులు కూడా పోయాయి. నన్ను అత్త ఇంట్లోనే కూర్చోబెట్టారు. వంట బాగా లేదని వంటామెను అత్త తిట్టిన తిట్లు ఇప్పటికీ మా గల్లీలో చెప్పుకుంటారు.

చదువైంది, ఉద్యోగం వచ్చింది, పెళ్లైంది. ఆమె మాత్రం ఆ అలవాటు వదల్లేదు. పెళ్లి పీటల మీద, మా అత్తగారి తరఫు వాళ్లందరి ముందు, నాకు అక్షింతలు వేయడానికి వచ్చి, "చెయ్యి లేపుతున్న బిడ్డా" అంది గట్టిగా. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇంక ఆపు అత్తా, నేనేమన్న చిన్నపిల్లనా?" అని గొణిగాను. "అయితే సాలు అను" అంది. నేను అనలేదు. ఎందుకు అనలేదో ఇన్నాళ్లూ ఆలోచించలేదు.

ఇప్పుడు మా బడిలో నేను బోర్డు తుడవాలన్నా ముందు చెబుతాను. తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వనీ. నేను చెయ్యి ఎత్తితే నెత్తి కప్పుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. కొందరి మోచేతుల మీద పసుపు ఉంటుంది.

అత్త పదకొండోనాడు ఆ ఇంట్లో భోజనాలు పెట్టాం. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, చెప్పులు విప్పే చోటు లేదు. అమ్మ లోపల విస్తర్లు కడుగుతోంది. బాపు వచ్చాడు. జుట్టు తెల్లబడింది, నడుం వంగింది. వచ్చి గడప బయట కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"లోపలికి రారాదా, ఇంక ఆపేటోళ్లు ఎవరున్నరు?" అంది ముక్కు చీదే ఆమె.

ఆయన కదల్లేదు. నన్ను చూసి, "రావాల్నా బిడ్డా, వద్దా?" అన్నాడు.

నేను లోపలి నుంచి కేక వస్తుందని చూశాను. బీడీల చాట గోడకు ఆనించి ఉంది. మళ్లీ అందరూ నన్నే చూస్తున్నారు, ఈ ఊరికి వేరే పని లేనట్టు.

"వద్దు బాపు" అన్నాను. "గక్కడనే కూసో. అన్నం గక్కడికే తెస్త."

ఎవరో నాలుక చప్పరించారు. చప్పరించుకోనీ. విస్తరి తీసుకెళ్లి ఆయన ముందు వేశాను. గంటె ఎత్తబోతుంటే, "చెయ్యి లేపుతున్న" అని నా నోటి నుంచి దానంతట అదే వచ్చింది. ఆయన తలూపాడు. వడ్డించాను. ఇంకా వడ్డించాను. ఆయన చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. వద్దనడు, చాలనడు, విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్నం కుప్ప పెరిగిపోతోంది.

"సాలు అను బాపు" అన్నాను.

ఆయన పెదవులు కదిలాయి.

"ఆ? ఇనవడలే" అన్నాను.